పీలికలు కట్టిన కాయలు

దారికి రెండు వైపులా సున్నం కొట్టిన గులకరాళ్ళు వరుసగా పేర్చి కనబడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆఫీసు ముందు కావచ్చు, దవాఖానా ముందు కావచ్చు, ఎవరింటి గేటు ముందైనా కావచ్చు. వాటిని పేర్చినవాళ్ళు నాకు ఏ అపకారమూ చెయ్యలేదని తెలుసు. అయినా కాలితో తన్నాలనిపిస్తుంది. మా అమ్మాయి పక్కనుంటే "అమ్మా, నడువు" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంది. దానికి సగం సంగతే తెలుసు. మిగతా సగంలో తప్పు నాది కాబట్టి ఇన్నేళ్ళూ చెప్పలేదు.

నేను పుట్టి పెరిగింది తిరుమలాయపాలెం వైపు. ఉద్యోగం వచ్చింది మాత్రం భద్రాచలం దాటి చర్లకు పోయే దారిలో, గోదావరి ఒడ్డున ఉన్న ఒక ఊరికి. ఎనభైల నాటి మాట. బస్సు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చేది. వానాకాలంలో అదీ నమ్మకం లేదు. ఒక పక్క నది, ఒక పక్క అడవి, మధ్యన నాలుగు కొట్లు, పంచాయితీ ఆఫీసు, రెండు గదుల పెంకుటి బడి. ఆ బడికి నేనే హెడ్మిస్ట్రెస్‌ని, నేనే టీచర్ని, గంట కొట్టేదాన్ని కూడా నేనే. రెండో పోస్టులో ఉన్నాయన మనిషి కంటే ఆయన సెలవు చీటీలే ఎక్కువ వచ్చేవి. మా ఆయనది కొత్తగూడెంలో ఉద్యోగం, ఆదివారాలు వచ్చిపోయేవాడు. బడి పక్కనే ఒక గదిలో నేనొక్కదాన్నే ఉండేదాన్ని.

బడి కంచెకు అవతల ఒక గుడిసె. అందులో ఒక కోయ ముసలమ్మ. ఆమె ఊరు లోపల అడవిలో ఉండేదట. పోడు కొట్టుకుని జొన్నలు, సామలు, కందులు పండించుకునేవాళ్ళు. ఒక ఎండాకాలం ఫారెస్టు జీపులు వచ్చాయి, గుడిసెలు తగలబెట్టారు, పోడు చేలో టేకు మొక్కలు నాటి చుట్టూ కందకం తవ్వారు. ఎవరి దారిన వాళ్ళు చెదిరిపోయారు. ఆమె ఇక్కడికి వచ్చి మిరప చేలల్లో కూలికి పోతూ, అడ్డాకులు విస్తళ్ళుగా కుట్టి అమ్ముకుంటూ బతికేది. ఇవన్నీ ఆమె ఒక్కసారి కూర్చుని చెప్పినవి కావు. మూడేళ్ళలో ఒక్కో ముక్కా నాకు తెలిసినవి.

అన్నిటికంటే ముందు తెలిసింది చిక్కుడు సంగతి. బడి కంచె పొడుగునా ఒక చిక్కుడు తీగ అల్లుకుని ఉండేది. నేను వెళ్ళిన మొదటి ఏడు, డిసెంబరులో, లేత కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటే కూరకని నాలుగు కోశాను. అంచుకు ఊదారంగు గీత ఉన్న కాయలు, అటువంటివి మా వైపు చూడలేదు. ఐదోది కోస్తుండగా ముసలమ్మ కంచె అవతల నుంచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

"కొయ్యకు పంతులమ్మా. ఇంక కొత్త కాలే."

నాకు అర్థం కాలేదు. కాయలు లేతగా, కొత్తగానే ఉన్నాయి కదా అన్నాను. ఆమె నా చేతిలోని నాలుగు కాయలూ తీసుకుని పక్కన పెట్టింది. నా మొహం చూసి, ఇదొక తెలివిలేని మనిషి అనుకున్నదేమో, కంచె పక్కనే కూర్చుని నెమ్మదిగా చెప్పింది. చిక్కుడు కొత్త అని వాళ్ళకొక పండుగ. పుష్యమాసంలో ఏ రోజో పెద్దలు చెబుతారు. ఆ రోజు ఎవరింటి తీగ నుంచి వాళ్ళు మొదటి కాయలు తెచ్చి వేల్పు ముందు పెట్టాలి. ఆ తర్వాతే కాయ ఎవరైనా నోట పెట్టేది. అప్పటిదాకా పిల్లలు ఏడ్చినా పెట్టరు. తన ఊరు లేదు కాబట్టి ఆమె తన పుట్టింటివాళ్ళ గూడేనికి నడిచి పోయేది, ఒక పూట ప్రయాణం. ఒళ్ళో తన తీగ కాయలు పెట్టుకుని పోయేది.

"అందరి ఇంట్లకెల్లి వస్తయి. నాకు ఇల్లు లేకున్నా తీగ ఉన్నది గద. నేను గూడ తెస్త," అంది.

ఆ ఏడు పండుగ అయ్యాక మర్నాడు పొద్దున్నే కొంగు నిండా కాయలు తెచ్చి నా గుమ్మంలో పోసింది. అంతకుముందు నేను కోసిన నాలుగిటికీ వడ్డీ అన్నట్టు నవ్వింది. ఆ కూర రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది.

ఆ తీగకు ఇంకో సంగతి ఉంది. గుడిసెలు తగలబడినప్పుడు ఆమె విత్తనాల బుర్రలు అన్నీ పోయాయి. సొరబుర్రల్లో దాచి దూలానికి వేలాడదీసినవి, వాళ్ళమ్మ పెళ్ళినాడు ఇచ్చి పంపినవి. ఆ రోజు ఏదో పనికి కొంగున ముడి వేసుకున్న చిక్కుడు గింజలు మాత్రం ఒంటిమీద ఉండబట్టి మిగిలాయి. అందుకని ప్రతి ఏడూ తీగ మొదట్లో కాసిన, బాగా నిండిన కాయలకు పాత చీర అంచు చింపి పీలికలు కట్టేది. పీలిక కట్టిన కాయ విత్తనానికి. అది తీగ మీదే పండి ఎండాలి. పండుగకు పోయేటప్పుడు కూడా వాటిని ముట్టుకునేది కాదు. ఎండాక తీసి, బూడిదలో కలిపి, మళ్ళీ వానలదాకా దాచేది. ఆ విత్తనం ఇంకెక్కడా లేదు. ఆమెకు తెలిసినంతలో ఆ కంచె మీద తప్ప భూమ్మీద లేదు.

ఇవన్నీ నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

మూడో ఏడు జిల్లా నుంచి కాగితం వచ్చింది. ఊళ్ళన్నిటికీ తోటల పోటీ. ఊరంతా కలిసి తోట పెంచాలి, దరఖాస్తు పంపాలి, ఒక అధికారి వచ్చి ప్రారంభోత్సవం చేస్తాడు, తర్వాత బహుమతులు. మా ఊళ్ళో కమిటీ వేశారు. సర్పంచి కోయ మనిషి, సీటు వాళ్ళకు రిజర్వు కాబట్టి. కానీ అధ్యక్షుడు ఎవరంటే ఎరువుల కొట్టు ఆసామి. కోస్తాలో సముద్రం ఒడ్డున ఊరి నుంచి వచ్చి, ఇక్కడి గోదావరి లంకల్లో మిర్చి, పొగాకు వేసి పైకొచ్చిన మనిషి. భూమి కాగితాల్లో పేరు ఎవరో కోయవాళ్ళది, పంట ఆయనది. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. కార్యదర్శిగా నన్ను పెట్టారు. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని. ఆ మాటకు నేను పొంగిపోయాను కూడా. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అధ్యక్షుడి కళ్ళ ముందు తన ఊరి పార్కు ఉండేది.

"టీచరుగారూ, మా ఊళ్ళో సముద్రం ఒడ్డున పార్కు చూడాలండీ మీరు. తెల్లరాళ్ళు వరసగా, మధ్యలో క్రోటన్లు, సిమెంటు బెంచీలు. సాయంత్రమైతే జనం తిరునాళ్ళే. మనకి సముద్రం లేకపోతే ఏంటండీ, గోదారి లేదూ? బడి దగ్గర్నుంచి రేవు దాకా అలా చేసేద్దాం."

అలా చెయ్యడమంటే ఏమిటో వారంలో తెలిసింది. రేవు దారి పక్కన కోయవాళ్ళు పెంచుకున్న ఆనప పాదులు, దోస పాదులు, ఎవరివైతేనేం, గడ్డపారలతో పెరికించాడు. గోదావరి నుంచి ట్రాక్టరులో గులకరాళ్ళు తెప్పించి సున్నం కొట్టించాడు. నిజంగా తోట పెంచే ఓపిక ఎవరికీ లేదు. భద్రాచలంలో నర్సరీ నుంచి క్రోటన్ కుండీలు కిరాయికి మాట్లాడాడు. వాటిని కుండీలతో సహా నేలలో పూడ్చి పైన మట్టి కప్పితే నాటినట్టే ఉంటాయట. అధికారి వచ్చిపోయాక తవ్వి తిరిగి పంపెయ్యొచ్చు. అందరూ ఈ ఆలోచనకు చప్పట్లు కొట్టారు. కూరగాయలు కాసే నేలను పీకి, కిరాయి ఆకులు పూడ్చే తోట! నాకు నవ్వొచ్చింది గానీ నోరు మూసుకున్నాను. ఎందుకంటే ఆయన కన్ను అప్పటికే మా బడి కంచె మీద పడింది.

"ఆ చిక్కుడు పొదంతా పీకించేద్దామండీ. అక్కడ కాగితంపూల తీగతో ఆర్చి పెడదాం. ఎంట్రన్సు కదా."

పీకించడం ఆపాలి. ఎలా ఆపాలి? ఎదురు తిరిగి చెప్పడం నాకు చేతకాలేదు. బదిలీ చేయిస్తాడని భయం కూడా ఉంది. అప్పుడొక తెలివైన ఉపాయం తట్టింది. తెలివైనదని నేననుకున్నాను.

దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది. మీ తోటలో ప్రత్యేకత ఏమిటి? దాని కింద నా ముత్యాల్లాంటి చేతిరాతతో రాశాను. మా బడి కంచె పొడుగునా స్థానిక చిక్కుడు పందిరి ఉందని, ఊదా అంచు కాయలు ఈ ప్రాంతంలో మరెక్కడా లేవని, ఊరంతా దీన్ని తరతరాలుగా ప్రేమతో కాపాడుకుంటోందని. ఊరంతా! ఒక్క ముసలమ్మ చెంబుతో నీళ్ళు పోసి పెంచిన తీగను ఊరి ఖాతాలో వేశాను. ఆమె పేరు రాస్తే అధ్యక్షుడు ఒప్పుకోడని వదిలేశాను. ఎవరికీ చెప్పకుండా పోస్టులో వేసి, బస్సు వెళ్ళిపోయేదాకా నిలబడి, ఏదో గెలిచినట్టు ఇంటికి వచ్చాను.

పది రోజులకు జవాబు వచ్చింది. స్థానిక విత్తనాలను కాపాడుతున్నందుకు అభినందనలు, ప్రారంభోత్సవం చిక్కుడు పందిరి దగ్గరే జరుపుదాం అని. అధ్యక్షుడు ఆ కాగితం పట్టుకుని బడికి పరిగెత్తుకొచ్చాడు. కోపం వస్తుందనుకున్నాను. ఆయన పళ్ళన్నీ కనబడుతున్నాయి.

"మీరు గట్టివారండీ టీచరుగారూ! నాకు తట్టనేలేదు చూడండి. ఇక ఆ తీగని ఎవడైనా ముట్టుకుంటే ఊరుకోను."

అంతే. ఆ రోజు నుంచి తీగ కమిటీది అయిపోయింది. కంచె చుట్టూ తెల్లరాళ్ళు వచ్చాయి. ముసలమ్మ నీళ్ళు పొయ్యడానికి వస్తే, ప్రారంభోత్సవం అయ్యేదాకా ఇటు రావద్దని, ఆ చింకి చీర దొరలకు కనబడగూడదని చెప్పించాడు. ఆమె నా దగ్గరికి వచ్చి అడిగింది.

"ఏంది పంతులమ్మా, నా తీగ కాడికి నన్నే రావద్దంటున్నరు?"

"ఒక్క వారం ఓపిక పట్టు అవ్వా. సార్లు వచ్చి చూసిపోతరు, అంతే. నీ తీగ ఎవ్వరు పీకకుండ నేనే రాసి పంపిన. దాని జోలికి ఎవరు రారు. నేను చూసుకుంట."

"రాసినవా?" అంది. కాసేపు నా మొహం కేసి చూసింది. జీపుల్లో వచ్చి తన ఊరు తగలబెట్టినవాళ్ళ చేతిలో కూడా ఏవో కాగితాలే ఉన్నాయని అప్పుడు నాకు తట్టలేదు. "పండుగ ఇంక పదిహేను రోజులున్నది. నువ్వు చూసుకుంటనన్నవ్, మంచిది," అని వెళ్ళిపోయింది.

ప్రారంభోత్సవం జనవరి మొదటి వారంలో. పొద్దున్నే రంగు కాగితాలు కట్టారు, మైకు పెట్టారు. నన్ను గేటు దగ్గర నిలబెట్టారు, పిల్లల చేత స్వాగత గీతం పాడించడానికి, అధికారికి బొట్టు పెట్టడానికి. జీపు రావలసిన టైముకు రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. పిల్లలు ఎండలో వాడిపోయారు. అధికారి దిగాడు, మర్యాదస్తుడే, పిల్లల పాట అయ్యేదాకా నిలబడి విన్నాడు. పళ్ళెం పట్టుకుని ఆయన వెనకాలే నడిచి పందిరి దగ్గరికి వచ్చాను.

అక్కడ అధ్యక్షుడి చేతిలో కొత్త వెదురు బుట్ట. దాని నిండా చిక్కుడు కాయలు. లేతవి, ముదురువి, అన్నీ. బుట్ట మీద అందంగా పేర్చినవి మాత్రం అన్నిటికంటే పెద్దవి, బాగా నిండినవి. వాటికి పీలికలు ఇంకా కట్టే ఉన్నాయి. పాత చీర అంచు, ఎర్రది, వెలిసిపోయినది.

తీగ మీదికి చూశాను. ఆకులున్నాయి, పూలున్నాయి. ఒక్క కాయ లేదు.

"మంచి కాయలకి ముందుగానే గుర్తు పెట్టి ఉంచారండీ మావాళ్ళు, మీకోసమని," అంటున్నాడు అధ్యక్షుడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే అలా అనుకున్నాడు. విత్తనం సంచిలో కొనుక్కునేవాడికి, సంచుల్లో అమ్ముకునేవాడికి, తీగ మీద విత్తనం ఎలా ఉంటుందో ఎందుకు తెలుస్తుంది? పీలిక కనబడగానే అది తమకే కట్టారనుకునే జాతి మనుషులు ఉంటారు. లోకంలో ఏది బాగున్నా అది తమకోసం గుర్తు పెట్టి ఉంచిందేనని వాళ్ళకు గట్టి నమ్మకం.

వరసలో చివరన తెల్లచొక్కా వేసుకుని నిలబడ్డ సర్పంచి ఒక అడుగు ముందుకు వేశాడు. "అయ్యా, ఇంక కొత్త కాలే..." అన్నాడు. అధ్యక్షుడు ఆయన భుజం తట్టి, "ఆఁ, ఆఁ, కొత్తవే, తాజావే, ఇప్పుడే కోసినవి," అని అధికారికి బుట్ట అందించాడు. సర్పంచి వెనక్కి జరిగి తల దించుకున్నాడు.

నేను? నేను పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. "సార్, ఆ కాయలు..." అన్నాను. అధికారి నా వైపు తిరిగి, "మీరేనా దరఖాస్తు రాసింది? చాలా బాగా రాశారు టీచరుగారూ," అన్నాడు. థాంక్యూ సార్ అన్నాను. ఇన్నేళ్ళూ నన్ను కాల్చుకు తింటున్నది ఆ థాంక్యూనే. అధ్యక్షుడి మీద కోపం ఎప్పుడో సగం చల్లారింది. ఆ మాట మీద కోపం చల్లారలేదు, చల్లారదు.

జీపు వెళ్ళిపోయింది, బుట్టతో సహా. అప్పుడు కంచె అవతలికి చూశాను. ముసలమ్మ తన గుడిసె గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పట్నుంచి ఉందో తెలియదు.

జనం పోయాక వచ్చింది. తెల్లరాళ్ళు దాటి, తీగను మొదటి నుంచి చివరిదాకా చేత్తో తడుముకుంటూ నడిచింది. నన్ను తిడుతుందని ఎదురు చూశాను. తిడితే బాగుండేది.

"పీలికలవి గూడ తీస్కపోయిండ్రా?" అంది.

"అవ్," అన్నాను. "నేను తెస్త అవ్వా. రేపు పొయ్యి తెస్త."

ఆమె తెల్లరాళ్ళు దాటి తన గుడిసెలోకి పోయింది.

మర్నాడు బడికి సెలవు పెట్టి పొద్దుటి బస్సుకు భద్రాచలం వెళ్ళాను. అధికారి దిగిన గెస్ట్ హౌస్ వెతుక్కుని వెళ్తే ఆయన అప్పటికే ఖమ్మం బయలుదేరిపోయాడు. వంటాయన పెరట్లో గిన్నెలు తోముతున్నాడు. చిక్కుడు కాయల బుట్ట గురించి అడిగితే వింతగా చూశాడు.

"ఆ కాయలా? రాత్రి కూర చేసినమ్మా. లేతయి మంచిగ ఉడికినయ్. సారు రెండుసార్లు ఏయించుకున్నడు. ముదురుయి ఉన్నయ్ జూడు, బట్టలు కట్టినయి, గవి తోలు లెక్కున్నయ్. ఆటిని పెంటల పారేసిన."

పెరటి గోడ పక్కన పెంటకుప్ప. నేను చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని అందులోకి దిగాను. విస్తరాకులు, అన్నం, కోడిగుడ్డు పెంకులు, టీ పొడి. వంటాయన "అమ్మా, అమ్మా, ఏంది మీరు, నేను తీస్త" అంటున్నాడు. నేను వినలేదు. ఏడుపు కాదు, కోపం. కళ్ళు కనబడనంత కోపం. ఎర్ర పీలిక కనబడ్డ చోటల్లా చేత్తో తవ్వాను. కొన్ని కాయలను ఏదో పశువు నమిలి వదిలేసింది. కొన్ని గంజిలో నాని మెత్తబడ్డాయి. చివరికి పద్నాలుగు కాయలు దొరికాయి. పైటకొంగున కట్టుకుని, ఒళ్ళంతా కంపు కొడుతూ సాయంత్రం బస్సెక్కాను. పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు.

ఊళ్ళో దిగేసరికి బడి ముందు గుంపు. అధ్యక్షుడి అరుపులు రోడ్డు దాకా వినబడుతున్నాయి. కంచె బోసిగా ఉంది. తీగ మొదలంటా కోసి, లాగి, నేలమీద కుప్పగా పడి ఉంది. దాని పక్కన ముసలమ్మ కొడవలితో కూర్చుని ఉంది. కంచె చుట్టూ పేర్చిన తెల్లరాళ్ళను కూడా ఏరి ఒక పక్కన కుప్ప పోసింది.

"పోటీకి పెట్టిన తోటండీ! బహుమతులు ప్రకటించేదాకా ఉండాల్సింది! దీన్ని పోలీసులకి అప్పజెప్పాలి!" అని ఊగిపోతున్నాడు ఆయన. నన్ను చూసి, "మీరు చెప్పండి టీచరుగారూ, ఇది ఎవరి సొత్తు?" అన్నాడు.

నా చేతులకు ఇంకా పెంట అంటుకునే ఉంది. అప్పుడు తెగింది. జీవితంలో మొదటిసారి నడిబజారులో నోరు విప్పి అరిచాను. ఆ తీగ ఆమెదని, ఆమె పెట్టిందని, ఆమె పెంచిందని, ఆమె కోసుకుంటే అడగడానికి నువ్వెవడివని. కిరాయి కుండీలు పూడ్చి తోట అనే నీకు చిక్కుడు తీగ గురించి మాట్లాడే మొహం ఉందా అని. లంకల్లో నువ్వు దున్నే నేల ఎవరిదో పోలీసులను పిలిచినప్పుడే అది కూడా రాయిద్దామా అని. ఆ చివరి మాటకు గుంపంతా ఆయన వైపు తిరిగింది. ఆయన మొహం నల్లబడింది. "ఆడమనిషివని ఊరుకుంటున్నా," అని కొట్టు వైపు నడిచాడు. పోలీసులు రాలేదు. నాలుగు నెలలకు నాకు బదిలీ మాత్రం వచ్చింది.

గుంపు చెదిరాక ముసలమ్మ పక్కన కూర్చుని కొంగు విప్పాను. ఎందుకు కోశావని అడగలేదు. ఆమే చెప్పింది.

"వేల్పు కంటే ముందు వాళ్ళ నోట్లకు పాయె. ఇంక దీని కాయ నేను తినేదున్నదా, పండుగకు పట్టుకపొయ్యేదున్నదా? నా ఒళ్ళె ఏం పెట్టుకుని పోవాలె?"

అది ఆచారమో, ఆమె కోపమో నాకు తెలియదు. నా కోపం అరుపుల్లో పోయింది. ఆమెది కొడవలిలో పోయింది. ఎవరి కోపానికి ఎక్కువ పోగొట్టుకోవలసి వచ్చిందో చెప్పనక్కర్లేదు.

పద్నాలుగు కాయలనూ ఒక్కొక్కటే తీసుకుని గోటితో చీల్చి చూసింది. వాసన చూసింది. కుళ్ళినవి పక్కన పడేసింది. మిగిలిన గింజలను అరచేతిలో పోసుకుని ఊదింది. చిన్న గుప్పెడు కూడా లేవు. కొన్ని ఇంకా పచ్చివి, ముడతలు పడ్డవి.

"మొలుస్తయా అవ్వా?" అన్నాను.

"తినొద్దనే ఉన్నది. నాటొద్దని ఎవ్వరు చెప్పలె," అంది. గింజల్ని కొంగున ముడి వేసుకుంది. గుడిసెలు తగలబడిన నాడు కూడా అలాగే ముడి వేసుకుని ఉంటుందని అనిపించి తల తిప్పుకున్నాను.

పండుగకు ఆమె వట్టి చేతులతో పోయింది. వెళ్తుంటే చూశాను, ఎప్పుడూ ఒళ్ళో మూట పట్టుకునే రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు వెనక్కి కట్టుకుని నడిచింది.

వేసవిలో పోటీ ఫలితాలు వచ్చాయి. మా ఊరికి మూడో బహుమతి. తీగ లేదు, కిరాయి కుండీలు ఎప్పుడో నర్సరీకి తిరిగి వెళ్ళాయి, తెల్లరాళ్ళ మీద ఎడ్లబండ్లు ఎక్కి దిగి సున్నం రాలిపోయింది. అయినా బహుమతి వచ్చింది. ప్రశంసా పత్రంలో నా వాక్యాలే, ఒక్క అక్షరం మారకుండా. స్థానిక చిక్కుడు విత్తనాన్ని ఊరంతా ప్రేమతో కాపాడుకుంటున్నందుకు. అది అద్దం కట్టించి ఎరువుల కొట్లో పురుగుమందు డబ్బాల పైన వేలాడదీశారు.

నాకు బదిలీ అయ్యింది చండ్రుగొండ వైపు. సామాను కట్టుకుంటుంటే ముసలమ్మ కూడా గుడిసె విప్పుతూ కనబడింది. పుట్టింటివాళ్ళ గూడేనికి పోతోందట. ఇక్కడ నాటనంది. అక్కడైతే ఎవరూ రారంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఏమనాలో తెలియక నాకు తోచిన మంచిమాట అన్నాను.

"అవ్వా, నాకు రెండు గింజలియ్యి. నేను పొయ్యేకాడ పెడ్త. నీకాడ పోయినా నాకాడ ఉంటయి."

కొంగు ముడి మీద చెయ్యి పెట్టుకుంది. కోపంగా కాదు, మొదటి ఏడు నా మణికట్టు పట్టుకున్నప్పటి లాగే, గట్టిగా.

"నీకియ్య పంతులమ్మా," అంది. "నువ్వు మంచిదానివే. పెంటల చెయ్యి పెట్టి ఏరుకొచ్చినవ్. గాని నువ్వు రాస్తవ్."

ఆమె మాట నిజం. ఇదిగో, ఇప్పుడూ రాస్తూనే ఉన్నాను. అందుకే ఆమె పేరు రాయలేదు. ఆ గూడెం పేరు నాకు తెలుసు, ఏ వాగు దాటాలో, ఎటు తిరగాలో తెలుసు. అది మాత్రం రాయను.